ఐదుకూ ఆరుకూ మధ్య యాభై రోజులు

(ఊరి బడిలో ఐదో తరగతి పిల్లలకు వీడ్కోలు చెప్పిన రోజు గోండి, తెలుగు కలిపి మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన వాళ్లు, తమ ఊర్లల్ల ఇట్లాంటి సభ పెట్టుకోవాలనుకుంటున్న వాళ్లు అడిగిన్రు. అందుకే తెలుగులో రాసి పెడుతున్న. చట్టం సంగతులు అక్కడ పైపైన చెప్పిన, ఇక్కడ కొంచెం వివరంగా రాసిన.)



 

ఇయ్యాల పదకొండు మంది పిల్లలు ఈ బడి దాటుతున్నరు. నేను కూడా ఇదే బడిలో ఐదో తరగతి దాకా చదివిన. తర్వాత ఆశ్రమ పాఠశాల, తర్వాత కాలేజీ. ఇంటోళ్లు కూడా ఉట్నూరు దిక్కు వచ్చేసిన్రు. ఇప్పుడు ఈ ఊర్లో మాకు ఇల్లు లేదు, చేను లేదు. అయినా పిలిస్తే వచ్చిన. మీలో చాలా మంది సంగతి కూడా ఇదే. ఊరు వదిలి పదేండ్లో పదిహేనేండ్లో అయి ఉంటది. డిగ్రీ అయింది, బీఈడీ అయింది, ఏదో ఒక నౌకరీ చేస్తున్నరు, లేకుంటే వెతుకుతున్నరు. పాత ఊరి నుంచి "పిల్లల సభ ఉంది, వచ్చి నాలుగు మాటలు చెప్పు" అని పిలుపు వస్తది. పోవాలె. అయితే పోయి ఏం మాట్లాడాలె? ఇంకా ముఖ్యంగా, సభ అయిపోయినంక ఏం చెయ్యాలె?

ఇట్లాంటి సభల్లో మామూలుగా చెప్పే మాటలు మనకు తెలిసినవే. బాగా చదవండి, కలెక్టర్ కండి, ఊరికి పేరు తేండి. అందరూ చప్పట్లు కొడతరు. పెన్నులు, పలకలు ఇస్తరు, ఫొటో దిగుతరు. మంచిదే, పిల్లలకు సంతోషం. కాని ఆ వేదిక మీద ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఇక్కడ వెనక వరుసలో కూర్చున్న ఒక తల్లి నన్ను అదే అడిగింది. "మంచిగనే చెప్తున్నవు బిడ్డా. ఆరో తరగతి ఏడుంటది? ఎవరు తోల్కపోతరు?"

నేను చెప్పదలుచుకున్నదంతా ఆ తల్లి ప్రశ్నకు జవాబే.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఐదో తరగతి అయిపోయింది అంటే చదువులో ఒక మెట్టు అయిపోయింది అని మనం అనుకుంటం. చట్టం అట్ల అనుకోలేదు. 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రకారం ఎలిమెంటరీ విద్య అంటే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా. ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల దాకా ప్రతి పిల్లకూ, పిల్లగానికీ అది హక్కు. ఇయ్యాల మనం వీడ్కోలు చెప్తున్న పిల్లలకు పదేండ్లు, పదకొండేండ్లు. అంటే వాళ్ల హక్కులో ఇంకా మూడు తరగతులు మిగిలే ఉన్నయి. హక్కు ఎనిమిది దాకా ఉంది, మన ఊరి బడి మాత్రం ఐదు దగ్గర ఆగింది. దీనికి కారణం పిల్లల తెలివి కాదు, దూరం.

ఆ దూరం గురించి కూడా నిబంధనల్లో రాసి ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతుల బడి కిలోమీటర్ లోపల ఉండాలె. ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడి మూడు కిలోమీటర్ల లోపల ఉండాలె. లేని చోట పిల్లలు చదువుకోవడానికి రవాణానో, ఉండే వసతో సర్కారే చూడాలె. మన గూడేలకు మూడు కిలోమీటర్ల లోపల హైస్కూలు ఎన్ని ఉన్నయో మీకు తెలుసు. అందుకే మనకు ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు. వాటిని సర్కారు దయ చేసి ఇచ్చినట్టు కొందరు మాట్లాడుతరు. ఊరి దగ్గర బడి పెట్టలేదు కాబట్టి ఇయ్యవలసిన వసతి అది. ఆఫీసుకు పోయినప్పుడు ఆ ధీమాతోనే మాట్లాడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్త. ఈ మధ్య మన రాష్ట్రంలో బడులు ఏప్రిల్ 23, 24 నాటికి మూస్తున్నరు, జూన్ 12న తెరుస్తున్నరు. నడుమ యాభై రోజులు. పట్నం పిల్లలకు ఈ యాభై రోజులు సెలవులు. మన ఊర్లో ఐదో తరగతి అయిన పిల్లకు అవి సెలవులు కావు. అప్పుడు ఆ పిల్ల ఏ బడిలోనూ లేదు. పాత బడి పేరు కొట్టేసింది, కొత్త బడి పేరు రాసుకోలేదు. మూడో తరగతి పిల్ల జూన్‌లో బడికి రాకుంటే సార్ హాజరు పట్టిక చూసి ఇంటికి మనిషిని పంపుతడు. ఐదు దాటిన పిల్ల రాకుంటే ఎవరు చూస్తరు? ఈ సార్ దగ్గర పేరు లేదు, ఆ సార్‌కు మొహం తెల్వదు. పేరు లేని పిల్లను ఎవరూ వెతకరు.

ఆ యాభై రోజుల్లో మన ఊర్లల్ల ఏం జరుగుతదో చూడండి. ఇప్పపువ్వు ఏరుడు అప్పుడే అయిపోతది. తునికాకు మొదలైతది. పొద్దున నాలుగు గంటలకే ఇంటిల్లిపాది అడవికి పోతరు, మధ్యాహ్నం కట్టలు కడతరు. కట్టలు కట్టడానికి చిన్న వేళ్లు బాగా పనికొస్తయి. పెండ్లిళ్లు కూడా అప్పుడే. చుట్టాల ఊరికి పోయిన పిల్ల అక్కడ్నే చిన్న పిల్లలను చూసుకుంట ఆగిపోతది. మిరుగు వస్తది, మొదటి వాన పడుతది, పత్తి గింజలు పెట్టుడు షురూ అయితది. సరిగ్గా అదే వారంలో బడి తెరుస్తరు. సాలు వెంబడి గింజ పెట్టడానికి ఇంట్లో చెయ్యి కావాలె. "ఈ వారం ఆగనీ, విత్తనం అయినంక పోతది" అంటరు. విత్తనం అయినంక కలుపు వస్తది. కలుపు అయినంక, ఇంత ఆలస్యం అయింది, సీటు ఇస్తరో ఇయ్యరో అనే భయం వస్తది. ఆ పిల్ల చదువు అట్ల ఆగిపోతది. బడి మానేస్తున్న అని ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు, ఆమెను ఎవరూ మాన్పియ్యలేదు కూడా.

తల్లిదండ్రులను తప్పు పడుతున్న అనుకోకండి. తునికాకు పైసలతోనే యాసంగి అప్పు తీరుతది, వానాకాలం విత్తనం వస్తది. చదువు విలువ తెల్వక కాదు, నడుమ మనిషి లేక పిల్లలు ఆగిపోతున్నరు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్టీల అక్షరాస్యత 59 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 49 శాతమే. సగం కంటే తక్కువ. ఆ లెక్క చూసి పెద్ద పెద్ద కారణాలు చెప్తరు. నేను చెప్పేది చిన్న కారణమే. కాని ఒక మనిషి ఊరికి వచ్చి కూర్చుంటే దీన్ని ఆపొచ్చు.

మనం చెయ్యగలిగిన పనులు కొన్ని ఉన్నయి. ఒక్కొక్కటి చెప్త.

మొదటిది కాగితం. ఐదో తరగతి అయిన పిల్లకు ఊరి బడి ఇచ్చేది రికార్డ్ షీట్. ఊర్లో అందరూ దాన్ని టీసీ అనే అంటరు. ఆ కాగితం చేతికి వచ్చిన రోజే చదవండి. తల్లిదండ్రులకు చదువు రాకుంటే పక్కన కూర్చొని మీరు చదివి వినిపియ్యండి. ఇంటి పేరు సరిగ్గ ఉందా? మన మడావి, ఆత్రం, పెందూర్, తొడసం, కుడిమెత పేర్లు కాగితాల మీద ఎన్ని తీర్ల మారుతయో మీకు తెలుసు. ఆధార్‌లో ఒక తీరు, రికార్డ్ షీట్‌లో ఒక తీరు. పుట్టిన తారీకు నిజంగ పుట్టినదేనా, లేకుంటే బడిలో చేర్చిన రోజు రాసుకున్న జూన్ 1 తారీకేనా? కులం దగ్గర ఎస్టీ అని మాత్రమే ఉందా, గోండు, కోలాం, నాయికపోడు అని తెగ పేరు కూడా ఉందా? పదేండ్ల పిల్ల కాగితంలో ఒక్క అక్షరం తప్పు పోతే అది పదో తరగతి మెమో దాకా పోతది. అక్కడి నుంచి స్కాలర్‌షిప్‌కు, నౌకరీకి అడ్డం పడుతది. ఇయ్యాల ఈ సార్ దగ్గర ఐదు నిమిషాల్లో దిద్దుకునే తప్పుకు, పదేండ్ల తర్వాత పది ఆఫీసులు తిరగాలె. కులం సర్టిఫికెట్‌కు మీసేవలో అర్జీ కూడా ఈ ఎండాకాలమే పెట్టియ్యండి. జూన్ వస్తే అందరూ ఒక్కసారే వస్తరు.

అదే సమయంలో ఇది కూడా గుర్తు పెట్టుకోండి. కాగితం లేదని ఏ బడీ పిల్లను వాపస్ పంపియ్యరాదు. వయసు రుజువు లేదని అడ్మిషన్ ఆపరాదని విద్యా హక్కు చట్టం 14వ సెక్షన్ చెప్తది. టీసీ రావడం ఆలస్యమైందని ఆపరాదని 5వ సెక్షన్ చెప్తది. వెనకటి బడి హెడ్‌మాస్టర్ అడిగిన వెంటనే ఇయ్యాలని కూడా అందులోనే ఉంది. ఈ రెండు సెక్షన్ల నంబర్లు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. గొడవ పెట్టుకోవాలని కాదు. ఒక తండ్రి ఇరవై కిలోమీటర్లు వచ్చి, "రేపు రా" అనే మాట విని తిరిగి పోతే మళ్లీ రాడు. ఆయన పక్కన నిలబడి నెమ్మదిగ ఈ నంబర్ చెప్పే మనిషి ఉండాలె.

రెండోది, ఏ బడి అనేది. ఆశ్రమ పాఠశాల, జిల్లా పరిషత్ హైస్కూలు, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయం, ఏకలవ్య బడి, నవోదయ, గురుకులం. పేర్లన్నీ ఊర్లో వినే ఉంటరు, వాటిలో తేడా చెప్పేవాళ్లు లేరు. ఏకలవ్య, నవోదయ ఆరో తరగతితోని మొదలైతయి, వాటికి పరీక్ష ఉంటది. ఆ పరీక్షకు ఐదో తరగతి చదువుతున్నప్పుడే అర్జీ పెట్టాలె. మన రాష్ట్రంలో గురుకులాలకు ఐదో తరగతిలోనే ప్రవేశం, అంటే పిల్ల నాలుగులో ఉన్నప్పుడే పరీక్ష రాయాలె. చూడండి, వీడ్కోలు సభ రోజుకు ఆ తలుపులు సగం మూసుకునే ఉంటయి. అందుకే ఈ సభలో అతిథులు పొగడ్తలన్నీ ఐదో తరగతి పిల్లలకు చెప్పినా, పని మాత్రం నాలుగో తరగతి పిల్లల తల్లిదండ్రులతో మొదలు పెట్టాలె. ఈసారి దాటిన పిల్లలకు ఆశ్రమ పాఠశాల, కస్తూర్బా, హైస్కూలు తెరిచే ఉంటయి. వచ్చే ఏడు దాటేవాళ్లకు అన్ని తలుపులూ తెరిచి ఉండాలంటే ఇప్పుడే పేర్లు రాసుకోండి.

మూడోది, మొదటి పదిహేను రోజులు. హాస్టల్‌లో చేరి పారిపోయి వచ్చిన పిల్లల సంగతులు ప్రతి ఊర్లో ఉన్నయి. నవ్వుకుంట చెప్పుకుంటం. పదకొండేండ్ల పిల్ల రాత్రిపూట వాగు దాటి నడిచి వచ్చిందంటే నవ్వాల్సిన మాట కాదు. అక్కడ ఆమె భాష వినేవాళ్లు లేరు. కడుపు నొస్తుందని ఏ మాటతోని చెప్పాలో తెల్వదు. బాత్రూమ్ దగ్గర పెద్ద పిల్లల భయం. అంతకు ముందు ఎన్నడూ తల్లి పక్కన కాకుండ పండుకోలేదు. పెద్ద మనిషి కాబోతున్న ఆడపిల్ల అయితే భయం ఇంకా ఎక్కువ. ఈ పదిహేను రోజులు దాటిన పిల్ల మామూలుగ నిలబడుతది.

దీనికి మందు ఖర్చులేనిది. ఒక ఊరి పిల్లలను వీలైతే ఒకే బడిలో, ఇద్దరిద్దరిని కలిపి చేర్పియ్యండి. అక్కడ పైతరగతి చదువుతున్న మన ఊరి పిల్లనో, పక్క ఊరి పిల్లనో ముందే మాట్లాడి అప్పజెప్పండి. మొదటి ఆదివారం, రెండో ఆదివారం ఎవరు పోతరో ఊర్లోనే తేల్చుకోండి. అమ్మానాన్న విత్తనం పనిలో ఉంటరు, పోలేరు. మీరు పోండి. మీరు ఉండే మండలంలోనే ఆ హాస్టల్ ఉంటది చాలా సార్లు. పది నిమిషాలు గోండిలో మాట్లాడండి. "తిన్నవా, ఎవరన్న కొట్టిన్రా, రాత్రి నిద్ర పడుతుందా" అని అడగండి. వార్డెన్‌కు మీ ఫోన్ నంబర్ ఇయ్యండి. వెనక ఒక మనిషి ఉన్నడని తెలిసిన పిల్లను చూసే తీరు వేరే ఉంటది. ఇది మంచో చెడో, ఉన్న మాట.

నాలుగోది పండుగలు. మన పిల్లలు బడి వదిలే ఇంకో చోటు ఇది. దసరాకు సర్కారు రెండు వారాల దాకా సెలవులిస్తది. దీపావళికి ఒక్క రోజు. మనకు దండారి దీపావళికే. గుస్సాడీలు కట్టి, ఊరు ఊరు తిరిగి, వారం పైన సాగే పండుగ అది. గోండు పిల్ల దాన్ని వదిలి హాస్టల్‌లో ఎట్ల ఉంటది? వస్తది. రాగానే హాజరులో సున్నాలు పడతయి. తిరిగి పోతే తిడతరేమో అని వెనకకు పోదు. మన సంస్కృతి చదువుకు అడ్డం అని కొందరు సార్లు అంటరు. మన పండుగ తెల్వని క్యాలెండర్‌ను పెట్టుకొని పిల్లను తప్పు పట్టుడు ఏం న్యాయం? ఐటీడీఏ బడుల్లోనన్న స్థానిక సెలవులు దండారికి మార్చమని రాయ్ సెంటర్ తీర్మానం చేసి ప్రాజెక్ట్ ఆఫీసర్‌కు ఇయ్యాలె. అది అయ్యేదాక, దండారి అయిపోయిన తెల్లారి పిల్లలందరినీ ఒకే బస్సులో ఎక్కించి హాస్టల్‌లో దిగబెట్టే పని ఊరి యువకులు తీసుకోవాలె. గుస్సాడీ ఆడిన కాళ్లతోనే ఆ పని చెయ్యొచ్చు.

ఇప్పుడు భాష సంగతి. ఒకటో తరగతిలో చేరిన మన పిల్లకు ఏర్ అంటే నీళ్లు. తెలుగు పుస్తకంలో ఏరు అంటే వాగు. "నీ పేరేంటి" అంటే నోరు విప్పదు. "నీవా పరోల్ బతల్" అంటే ఇంటి పేరుతో సహా చెప్తది. ఆ పిల్ల మందమతి అని రెండేండ్ల దాకా అనుకున్న సార్లున్నరు. ఐదో తరగతికి వచ్చినంక కూడా కొందరు తెలుగు వాక్యం చదవలేకుంటే, కారణం ఒకటో తరగతిలోనే ఉంది.

ఇది ఎవరికీ తెల్వని సంగతి కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ అమరుడైనంక, నిజాం సర్కారు గోండుల మధ్యకు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. గోండిలో వాచకాలు తయారు చేసిన్రు, దేవనాగరి లిపిలో. మన ఊర్ల పిల్లలకు మన భాషలో మన వాళ్లే పాఠం చెప్పిన్రు. ఎనభై ఏండ్ల కింద, కరెంట్ లేని, తోవ లేని రోజుల్లో అయిన పని అది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోలామి, కోయ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, లంబాడీ, ఈ ఎనిమిది భాషల్లో బడి పుస్తకాలతో బహుభాషా విద్య మొదలు పెట్టిన్రు. నార్నూర్ మండలం గుంజాల ఊర్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే పుస్తకం రాయవచ్చని, లిపి ఉందని, నేర్పే మనుషులున్నరని అన్నీ రుజువైనయి. తల్లి భాషలో చెప్పడం వీలైనంత వరకు జరగాలని విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఉంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెప్తది. లేనిది మొదలు పెట్టిన దాన్ని నిలబెట్టే మనసు.

టీచర్ నౌకరీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలె. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతం బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం నూటికి నూరు శాతం చెల్లదని దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరిన వాళ్ల ఉద్యోగాలను షరతులతో ఉంచింది. మనలో చాలా మంది ఈ తీర్పును నిరుద్యోగం లెక్కలోనే చూసిన్రు. బీఈడీ చేసిన మనకు అది సహజం. కాని ఈ ముందు వరుసలో కూర్చున్న పిల్లల దిక్కు నుంచి చూడండి. ఒకటో తరగతి పిల్లకు "నీవా పరోల్ బతల్" అని అడిగే టీచర్ వస్తడా రాడా అనేది అసలు ప్రశ్న. అందుకే జీవో 3 స్థానంలో చట్టం కావాలని అడిగేటప్పుడు, దాంతో పాటు ఇది కూడా అడగాలె. ఏజెన్సీ ప్రాథమిక బడికి వచ్చే ఏ టీచర్‌కైనా ఆ ఊరి పిల్లల భాష వచ్చి ఉండాలె, రాకుంటే సర్కారే నేర్పి పంపాలె. ఇది పిల్లల హక్కు నుంచి పుట్టిన డిమాండ్. దీనికి ఎదురు చెప్పుడు ఎవరికైనా కష్టమే.

ఈ బడిలో ఐదు తరగతులకు సార్ ఒక్కరే. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మండలంలో మీటింగ్ ఉంటే బడి మూతపడుతది, ఆయనకు జ్వరం వస్తే మూతపడుతది. అది ఆయన తప్పు కాదు. చట్టం షెడ్యూల్ ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలె. ఏడాదికి 200 పని దినాలు, 800 గంటలు పాఠం జరగాలె. బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలె, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలె. ఆ కమిటీ కూర్చొని, బడి ఎన్ని రోజులు తెరిచిందో నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకుంటే చాలు. ఏడాది చివర ఆ నోట్‌బుక్‌తోని రెండో టీచర్‌ను అడగొచ్చు. గ్రామసభ తీర్మానం కూడా జత చెయ్యండి. 1996 పెసా చట్టం మన గ్రామసభకు బలం ఇచ్చింది. తీర్మానం రాసేటోళ్లు లేక ఆ బలం వాడకుండ పడి ఉంది. రాయడం వచ్చినోళ్లం మనమే కద.

ఇప్పుడు పిల్లలతోని రెండు మాటలు. సైయుంగ్ అయింది, ఇక సారుంగ్. అక్కడ మొదట మీకు తెలుగు తక్కువ వస్తది. అందుకు సిగ్గు పడకండి. రెండు భాషలు వచ్చినోళ్లు మీరు, ఒకటే వచ్చినోళ్లు వాళ్లు. ఏడుపు వస్తే ఏడవండి, కాని చెప్పకుండ పారిపోయి రాకండి. వాగులున్నయి, రోడ్లున్నయి. ఎవరన్న కొడితే, ఎవరన్న ఒంటి మీద చెయ్యి వేస్తే దాచకండి. అక్కకో అన్నకో చెప్పండి, లేకుంటే 1098కి ఫోన్ చెయ్యండి, పైసలు పడవు. దండారికి రండి, ఆడండి, మళ్లీ పోండి.

చివరగా, ఊరు వదిలిపోయిన మనకు. పట్నంలో మనం మీటింగ్‌లు పెట్టుకుంటం, జల్ జంగిల్ జమీన్ అంటం, అంబేద్కర్ బొమ్మకు, భీమ్ బొమ్మకు దండలు వేస్తం. వెయ్యాలె. దాంతో పాటు ఈ చిన్న పని తీసుకోండి. మీ పాత ఊరు ఒక్కటే. ఒక నోట్‌బుక్. అందులో ఈ ఏడు ఐదో తరగతి దాటిన పిల్లల పేర్లు, తల్లి పేరు, ఫోన్ ఉంటే నంబర్, రికార్డ్ షీట్ వచ్చిందా, ఏ బడిలో చేరాలనుకుంటున్నరు. ఈ వివరాలు పిల్లలవి, గ్రూపుల్లో పెట్టొద్దు, నోట్‌బుక్‌లోనే ఉంచండి. మే నెలలో తునికాకు కల్లం దగ్గరికి ఒక పూట పోండి, తల్లిదండ్రులందరూ అక్కడే దొరుకుతరు. కాగితాలు చూడండి. జూన్ మొదటి వారంలో మళ్లీ పోండి. విత్తనం పెట్టే రోజులు కాబట్టి ఏ ఇంటికి చెయ్యి తక్కువ పడుతుందో చూసి, ఒక రోజు మీరే సాలు వెంబడి గింజ పెట్టండి, పిల్లను బడికి పంపమనండి. జూన్ 12 నాడు పిల్లలతోని బస్సు ఎక్కండి. జూన్ 30 నాటికి నోట్‌బుక్ తీసి ఒక్కొక్క పేరు ముందు రాయండి: చేరింది, ఉంది. చేరలేదు అని రాయవలసి వస్తే, ఎందుకు అనేది కూడా రాయండి. ఆ కారణాలు పది ఊర్ల నుంచి కలిపితే, మనం ఐటీడీఏ ముందు పెట్టే కాగితం అదే. దాన్ని ఎవరూ కాదనలేరు.

ఈ ఊరి పదకొండు పేర్లు నేను రాసుకున్న. ఇయ్యాల ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లె నాతో పాటు పని పంచుకున్నరు. మీ ఊరి పేర్లు ఎవరి దగ్గర ఉన్నయో ఇయ్యాలే ఫోన్ చేసి అడగండి. ఎవరి దగ్గరా లేకుంటే, మీరే రాసుకోండి.

మావ నాటే, మావ రాజ్!
జై సేవా! జై ఆదివాసీ!